తప్పిన ప్రమాదాల పెట్టె

భిలాయి, సెక్టర్ 7
2 జూన్ 2024, ఆదివారం

అప్పకు నమస్కారాలు.

ఎండ నలభై అయిదు దాటింది. కూలర్‌లో నీళ్ళు పొయ్యడం తప్ప నాకూ కల్యాణికీ వేరే పని లేదు. నీకు ఫోను చేద్దామంటే చెవి పనిచెయ్యదు, పనిచెయ్యదని ఒప్పుకోవు. నేనొకటి అడుగుతాను, నువ్వు "ఆఁ ఆఁ, తిన్నాను" అని పెట్టేస్తావు. అందుకే మన పాత పద్ధతికే వచ్చాను.

ఒక సాయం కావాలి. మా తెలుగు సంఘంలో నెలకో ఆదివారం వాదన పెడుతున్నారు. రిటైరైన వాళ్ళందరికీ గొంతు చించుకోవడానికి ఒక చోటు కావాలి కదా. పోయిన నెల పెళ్ళిలో బఫే మంచిదా, పంక్తి భోజనం మంచిదా అని తిట్టుకున్నారు. ఈ నెలాఖరు ఆదివారానికి మాత్రం అసలైన విషయం దొరికింది. సరదాకి మత్తు తీసుకునేవాణ్ణి నేరస్థుడిగా చూడాలా, వద్దా? నేను "చూడాలి" అనే పక్షం.

ఈ విషయం ఎందుకొచ్చిందంటే, మన గున్నమ్మ కొడుకు వల్ల. నువ్వు ఇక్కడ ఉన్నప్పటినుంచీ మన ఇంట్లో గిన్నెలు తోమిన గున్నమ్మే. వాళ్ళు ఇప్పటికీ క్యాంప్ 2 బస్తీలోనే ఉంటున్నారు. ఆవిడ కొడుకు సంజయ్ స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు లేబరు. వాడి జేబులో గాంజా పొట్లం దొరికిందని పోలీసులు పట్టుకెళ్ళారు. అగ్గిపెట్టెలో పట్టేంత. గున్నమ్మ మన గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. "బాబూ, ఆడు దొంగతనం సెయ్యలేదు, ఒకడ్ని కొట్టలేదు. ఆడి ఊపిరి ఆడే కాల్సుకున్నాడు. జైలేటి దానికి?" అని అడిగింది. చట్టం చట్టమే అని ఏడుస్తున్న మనిషితో ఎలా అంటాను?

నువ్వు ప్లాంటు ఆస్పత్రి వార్డులో ఇరవై రెండేళ్ళు పనిచేశావు. తాగి వచ్చినవాళ్ళని, మింగి వచ్చినవాళ్ళని నీ చేతుల్తో కడిగావు. అవతలి పక్షం ఏమంటుందో నువ్వైతే ముందే చెప్పగలవు. నాలుగు ముక్కలు రాసి పంపు.

మా బాలు నీ దగ్గరికొచ్చి పది నెలలైంది. కోచింగుకి సరిగ్గా వెళ్తున్నాడా? ఫోను చేస్తే "హాఁ పాపా, ఠీక్ హూఁ" అంటాడు, అక్కడితో సరి. ప్లాంటు నోటిఫికేషన్ ఆగస్టులో వస్తుందంటున్నారు. వాడి అప్రెంటిస్ సర్టిఫికెట్లన్నీ ఫైలు చేసి ఉంచాను. ఆ వేళకి వాణ్ణి ఇంటికి పంపించెయ్యి. వాళ్ళమ్మ వాడి గదిలో ఫ్యాను కూడా తుడిచి పెట్టింది.

నీ తమ్ముడు
మనోహర్

*

విజయనగరం
10 జూన్ 2024

ఒరేయ్ మనోహరూ,

ఆశీస్సులు. నా చెవి సంగతి నువ్వు ఊరంతా చాటక్కర్లేదు. ఎడమది బాగానే పనిచేస్తోంది, నువ్వే కుడిపక్క మాట్లాడతావు.

అవతలి పక్షం ఏమంటుందని అడిగావు. నేనే అవతలి పక్షం. కాబట్టి జాగ్రత్తగా చదువు.

వార్డులో ఉండగా నేను చూసింది చెప్తాను. సారా తాగినవాడు వచ్చి "అమ్మా, రెండు సీసాలు తాగాను" అని చెప్పేవాడు. డాక్టరు దానికి తగ్గ మందు వేసేవాడు. గాంజావాడూ మాత్రలవాడూ ఏం మింగారో చెప్పేవాళ్ళు కారు. చెప్తే పోలీసులొస్తారని భయం. కడుపునొప్పి అనేవాళ్ళు, కళ్ళు తిరిగాయనేవాళ్ళు. ఏం మింగాడో తెలియక డాక్టరు గుడ్డిగా వైద్యం చేసేవాడు. అలా నా చేతుల్లో పోయినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు పెళ్ళయి ఏడాది కాలేదు.

ఇంకోటి. మీ ఊళ్ళో సారా దుకాణం నడిపేది ప్రభుత్వమే. హోలీకి భాంగ్ నూరి తాగితే పండగ. అదే మొక్క పువ్వు కాలిస్తే కేసు. దీంట్లో న్యాయమేటో నీ సంఘంలో అడుగు. పోర్చుగల్ అని ఒక దేశం ఉందట. అక్కడ జేబులో కొంచెం దొరికితే జైలుకు పంపరట. ముగ్గురు మనుషుల ముందు కూర్చోబెట్టి, నీ కష్టమేటి, వైద్యం కావాలా అని అడుగుతారట. ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో మత్తు మాన్పించే డాక్టరమ్మ చెప్పింది. దుకాణాలు తెరవమని నేననడం లేదు, బాగా గుర్తుంచుకో. అమ్మేవాణ్ణి వదలమనీ అనడం లేదు. తీసుకున్నవాడు నోరు తెరిచి చెప్పే వీలుండాలంటున్నాను.

ఇదంతా నీకు కొత్తేటి? ప్లాంటులో నియర్ మిస్ పెట్టె పెట్టించింది నువ్వే కదా. ప్రమాదం తృటిలో తప్పితే, ఎవరి తప్పైనా సరే, చీటీ రాసి పెట్టెలో వెయ్యండి, రాసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు అని. మొదటి ఏడాది నాలుగు చీటీలు, రెండో ఏడాది నాలుగొందలు అని నాకు ఎంత గొప్పగా రాశావు! ఇంట్లో కూడా ఫ్రిజ్ పక్కన ఓ చిన్న పెట్టె తగిలించావు. బాలు అద్దం పగలగొట్టి చీటీ వేస్తే నువ్వు అరవకుండా, చీటీ కింద "తీసుకున్న చర్య: బంతి బయట ఆడవలెను" అని రాసి సంతకం పెట్టేవాడివి. నవ్వలేక చచ్చేవాళ్ళం.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నాకు బాగా కావలసిన కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి అంతా చెప్పుకున్నాడు. గాంజాతో మొదలై మాత్రల దాకా వెళ్ళాడు. నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మానేసి అయిదు నెలలైంది, ఒకసారి జారాడు, మళ్ళీ లేచాడు. ఇప్పుడు వాడికి ఇంటికెళ్ళాలనుంది. తండ్రి అంటే భయం. ఆ తండ్రి చెడ్డవాడు కాడు, తిట్టడు, కొట్టడు, నియమం మనిషి. ఎవరని అడక్కు. ఆ తండ్రికి నేనెలా చెప్పాలో నువ్వు చెప్పు.

బాలుకి ఇప్పుడు అన్నం సయిస్తోంది. నిద్ర కూడా పడుతోంది. కల్యాణికి చెప్పు.

మీ అప్ప
వనజాక్షి

*

భిలాయి
19 జూన్ 2024

అప్పకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను నా పెట్టెతోనే కొట్టావు. బాగుంది. కాని ఆ పెట్టె ఎందుకు పెట్టానో నీకు తెలియదు.

పెట్టె పొరపాట్ల కోసం. మత్తులో డ్యూటీకి వచ్చినవాడి కోసం కాదు. క్రేన్ మీద ఉన్నవాడి కింద పదిహేను మంది తలలుంటాయి. అమెరికాలో ఒరెగాన్ అనే రాష్ట్రం కూడా శిక్ష తీసేసి చూసిందట. వీధుల్లో మనుషులు పడి ఉండడం చూడలేక, మూడేళ్ళకే దాన్ని మళ్ళీ నేరంగా మారుస్తూ చట్టం చేసింది. పేపర్లో చదివాను, కత్తిరించి పెట్టుకున్నాను. భయం లేకపోతే మనిషి హెల్మెట్ కూడా పెట్టుకోడు. ముప్పై ఆరేళ్ళు చూశాను. గేటు దగ్గర పాసు లాక్కున్న రోజునే ప్రతివాడి నెత్తిమీదా హెల్మెట్ కనపడేది.

సంజయ్ బెయిలు మీద వచ్చాడు. పోలీసు కేసుందని కాంట్రాక్టరు గేట్ పాసు రద్దు చేశాడు. గున్నమ్మ అర్జీ రాయించుకోవడానికి వాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వాడు నా మొహం చూడలేదు. ఇరవై రోజులు లోపలున్నప్పుడు పరిచయమైన ఇద్దరు రోడ్డుమీద బండి ఆపుకుని వాడి కోసం చూస్తున్నారు. ఇది నాకూ నచ్చలేదని ఒప్పుకుంటాను. అంతమాత్రాన చట్టం తప్పనను.

నీకు ఇన్నేళ్ళూ చెప్పనిది ఒకటి చెప్తాను. తొంభై ఒకటిలో బావ పోయిన రోజు నేను అదే షిఫ్టులో ఉన్నాను. క్రేన్ ఎక్కే ముందు చిట్టిబాబు బావ స్క్రాప్ యార్డు వెనక దమ్ము కొడుతుంటే చూశాను. బీడీ కాదని వాసనే చెప్పింది. ఫోర్‌మన్‌కి చెప్తే ఉద్యోగం పోతుంది, నువ్వూ చంటివాడు సతీషూ రోడ్డున పడతారు అనుకుని నోరు మూసుకున్నాను. గంట తర్వాత నిచ్చెన మీంచి జారాడు. ఆ రోజు నేను చెప్పి ఉంటే ఉద్యోగం పోయేది, మనిషి ఉండేవాడు. అందుకే అప్పా, నేను ఈ విషయంలో మెత్తబడను. నువ్వు నన్ను తిట్టుకున్నా సరే, ఇవాళ చెప్పేశాను.

ఇక నువ్వు అడిగిన కుర్రాడు. ఎవరని అడగొద్దన్నావు. అడగక్కర్లేదు, నాకు తెలిసింది. తల్లి గుండె దాచుకోలేక నాకు అలా రాసిందని ఆ రాత్రే కల్యాణితో అన్నాను. మన సతీష్ వైజాగ్ యార్డులో క్రేన్ నడుపుతున్నాడు. తండ్రి చేసిన పనే వాడూ చేస్తున్నాడు, తండ్రి చేసిన తప్పే చేస్తున్నాడు. తండ్రి లేడు కాబట్టి నియమం మనిషివి అని నన్నే ఆ తండ్రి స్థానంలో పెట్టి అడిగావు. నాకు కన్నీళ్ళొచ్చాయి.

ఈసారి నేను నోరు మూసుకోలేదు. వాడి పైఅధికారి అనిల్‌కుమార్ ఒకప్పుడు ఇక్కడ నా దగ్గర ట్రైనీ. వాడికి ఉత్తరం రాశాను, సతీష్‌ని వెంటనే క్రేన్ మీంచి దింపి పరీక్ష చేయించమని. నీకు కోపం వస్తుందని తెలుసు. పదేళ్ళ తర్వాత నువ్వే నన్ను మెచ్చుకుంటావు.

ఇంట్లో పెట్టె ఇంకా అక్కడే ఉంది. కల్యాణి దాని మీద కొత్తిమీర కట్ట పెడుతోంది.

నీ తమ్ముడు
మనోహర్

*

విజయనగరం
30 జూన్ 2024

మనోహర్,

నువ్వు ఎంత పని చేశావో తెలుసా?

మంగళవారం పొద్దున్న షిఫ్టు మొదలవబోతుంటే సతీష్‌ని పేరు పెట్టి పిలిచి, నలభై మంది చూస్తుండగా క్రేన్ మీంచి దించారు. గార్డుని తోడిచ్చి పరీక్షకు పంపారు. వాడి మూత్ర పరీక్షలో ఏమీ తేలలేదు. టీ కూడా తాగని మనిషి వాడు, నీకు తెలియదేటి? మూడు రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, రిపోర్టు వచ్చాక మళ్ళీ ఎక్కించారు. నిన్న నా దగ్గరికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నిలబడ్డాడు. "అమ్మా, నువ్వు మావయ్యకి ఏటి రాసావు?" అని అడిగాడు. నీకు రాసిన ఉత్తరం చిత్తుకాగితం నా దగ్గరే ఉంటే చూపించాను. చదివి, కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కోడలు రెండు రోజుల్నుంచి నా మెసేజీలకి జవాబివ్వడం లేదు.

ఆ కుర్రాడు సతీష్ కాదు. నీ కొడుకు. బాలు.

ఇంత సూటిగా చెప్పకూడదనుకున్నాను. చుట్టూ తిప్పి చెప్దామని నేను వేసిన వేషాలే ఇంత దూరం తెచ్చాయి. అందులో నా తప్పుంది. నీకు భయపడ్డాను, నిజం చెప్తున్నాను. నా కంటే ఆరేళ్ళు చిన్నవాడివి, నీ ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని, నీకు భయపడ్డాను.

వాడు కోచింగుకి వచ్చాడన్నది అబద్ధం. వచ్చిన వారానికి వాడి చేతులు వణకడం చూశాను. వార్డులో అన్నేళ్ళు చేసినదానికి ఆ వణుకు తెలియదా? అడిగాను. ఏడ్చాడు, చెప్పాడు. డాక్టరమ్మ మంచిది. తనంతట తాను వైద్యానికి వచ్చినవాడికి, దగ్గర దొరికింది కొంచెమే అయితే, చట్టంలో కూడా ఒక తలుపు తెరిచి పెట్టారని చెప్పింది. నాకే తెలియదు ఆ సంగతి. ఎందుకు ఎవరూ చెప్పరో మరి.

బావ సంగతి రాశావు. నాకు తెలుసు. ముప్పై మూడేళ్ళుగా తెలుసు. ఆయన టిఫిన్ సంచీలో ఎప్పుడూ నీలం కాగితం పొట్లం ఉండేది. ఆ రోజు ఆస్పత్రిలో నువ్వు సంచీ నా చేతికిచ్చావు, అందులో పొట్లం లేదు. ఎంక్వయిరీవాళ్ళు చూడకుండా తీసేసింది నువ్వే. నిచ్చెన మీద నూనె అని రాశారు, ఆయన పోయినందుకు ఆస్పత్రి ఉద్యోగం నాకిచ్చారు. ఆ అన్నమే తిన్నాను, ఆ అన్నంతోనే సతీష్‌ని పెంచాను. ఎప్పుడైనా నీకు చేతులెత్తి దండం పెట్టాలనుకున్నాను, ఆ మాట ఎత్తలేక మానేశాను.

కాని అదే రోజు నుంచి నువ్వొకటి నేర్చుకున్నావు, నేనొకటి. చెప్తే బతికేవాడని నువ్వంటున్నావు. చెప్తే ఉద్యోగం పోతుందని కదా నువ్వు చెప్పలేదు? ఆయన కూడా అందుకే ఎవరికీ చెప్పలేదు. మానెయ్యాలని ఉంది, ఎక్కడికెళ్ళాలో తెలియదని నాతో రెండుసార్లు అన్నాడు. నేను దేవుడికి మొక్కుకోమన్నాను. ఎక్కడికెళ్ళమంటాను మరి? ఎక్కడికెళ్ళినా గేటు బయటికే.

ఒక్కటి మాత్రం నాకర్థం కాలేదు. నీకు చెప్పాలంటే భయమని మొదట్లో వాడే అన్నాడు. ఇప్పుడు గట్టిగా అడిగితే, ఇక్కడికి రాకముందే నీకు చెప్పానంటున్నాడు. "అత్తా, మైనే పాపాకో బతాయా థా. ఆయన ఏటీ అనలేదు" అంటాడు. నీకు తెలుసా ఈ సంగతి? తెలిసే నా దగ్గరికి పంపావా?

వనజాక్షి

*

భిలాయి
6 జూలై 2024

అప్పా,

ఆదివారం వాదనలో నేనే గెలిచాను. శాలువా కప్పారు. సొంత మేనల్లుణ్ణి కూడా ఉపేక్షించలేదని, పేరు చెప్పకుండా, అందరి ముందూ చెప్పాను. చప్పట్లు కొట్టారు. నీ ఉత్తరం శుక్రవారం అందింది.

సతీష్‌కి రాశాను. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు, అయినా అడిగాను. అనిల్‌కుమార్‌కి వేరే రాశాను. షిఫ్టు ముందు మనుషుల్ని నిలబెట్టి భద్రత గురించి రెండు మాటలు చెప్తారు కదా, ఆ వేళ అదే నలభై మంది ముందు నా ఉత్తరం బయటికి చదవమన్నాను. తప్పు నాది, సతీష్ మీద నేను వేసిన నింద అబద్ధం అని అందులో ఉంది. చదువుతాడో లేదో తెలియదు.

బాలు గురించి నాకేమీ తెలియదు. ప్రమాణం చేసి చెప్తున్నాను. వాడు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ఊరుకునేవాణ్ణా? మత్తు ఒక తప్పు, దానిమీద ఈ అబద్ధం ఇంకో తప్పు. నా తండ్రిని అడగండి, ఆయనకీ తెలుసు అంటే నువ్వు మెత్తబడతావని వాడి ఎత్తు. అప్రెంటిస్‌గా ఏడాది పాటు వాడు నా చేత్తో పెట్టిన టిఫినే పట్టుకెళ్ళాడు. రోజూ రాత్రి నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. ఎక్కడ చెప్పాడట? ఎప్పుడు చెప్పాడట?

కల్యాణికి చెప్పాను. వాడి గది తలుపు వేసుకుని అందులోనే పడుకుంటోంది.

వాణ్ణి ఇప్పుడే పంపకు. ఎవరు అమ్మారో ఆ పేరు చెప్పాక పంపు. అమ్మినవాణ్ణి నేను వదలను. తాగినవాణ్ణి వదలాలా, పట్టుకోవాలా అన్నది నీకూ నాకూ వాదన. అబద్ధమాడేవాణ్ణి మాత్రం నా ఇంట్లోకి రానివ్వను.

మనోహర్

*

విజయనగరం
13 జూలై 2024

తమ్ముడూ,

నీ ఉత్తరం బాలుకి చూపించలేదు. చూపిస్తే వాడు మళ్ళీ పడిపోతాడు. అమ్మినవాడి పేరు కూడా అడగలేదు. ఆ పేరు చెప్పిన మర్నాడు వాడు భిలాయిలో తిరగగలడా? నువ్వే ఆలోచించు.

అనిల్‌కుమార్ నీ ఉత్తరం చదివాడట. సతీష్ చెప్పాడు. కోడలు వాడి చేత నాకు చారు పంపింది, చారుతో పాటు ఒక మెసేజీ కూడా. అది నయమే. సతీష్‌కి నీ మీద కోపం పోలేదు, పోవడానికి రోజులు పడుతుంది. కాని "మావయ్య అందరి ముందూ ఒప్పుకున్నాడు, మా యార్డులో ఏ ఆఫీసరూ అలా ఒప్పుకోలేదు" అన్నాడు.

నువ్వు అడిగిందే వాణ్ణి అడిగాను. ఎక్కడ చెప్పావు, ఎప్పుడు చెప్పావు అని, తెలివిగా, వంట చేస్తూ. వాడు బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాడు. "పెట్టెలో వేశాను అత్తా" అన్నాడు. "ఏ పెట్టె?" అన్నాను. "ఫ్రిజ్ పక్కది. పాపాకి నోటితో చెప్పడం నాకు రాదు. చిన్నప్పటినుంచీ పెద్ద విషయాలన్నీ అలాగే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు. మూడు వారాలు చూశాడట. రోజూ నువ్వు పాత ఆఫీసు ఫైళ్ళు సర్దుకుంటూ మామూలుగా మాట్లాడేవాడివట. చదివి కూడా మాట్లాడ్డం లేదంటే, నన్ను కొడుకుగా లెక్కలోంచి తీసేశాడనుకున్నానని చెప్పాడు. అందుకే బయల్దేరి వచ్చేశాడు. అందుకే నువ్వంటే భయం.

నాకు ఆ పెట్టె సంగతి ఇంతకంటే తెలియదు. నువ్వు వెళ్ళి చూడు. ఇంకేమీ రాయను.

అప్ప

*

భిలాయి, సెక్టర్ 7
20 జూలై 2024

అప్పకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. పెట్టెకు తాళంచెవి కనపడలేదు. రిటైరైన రోజు నుంచి అది తెరవలేదు, ఇంక ఇందులో ఎవరు వేస్తారులే అనుకున్నాను. కల్యాణి స్క్రూడ్రైవర్ తెచ్చి మూత పీకింది.

మూడు చీటీలున్నాయి. ఒకటి కల్యాణిది. గ్యాస్ పైపు పాతబడింది, చూడండి అని, నాలుగేళ్ళ నాటిది. నోటితో చెప్పీ చెప్పీ విసిగి రాసిందట. ఇంకోటి చెదలు తినేసిన ఖాళీ కాగితం. మూడోది బాలుది. ప్లాంటు ఫారమే, నా బల్ల సొరుగులోంచి తీసుకున్నాడు. హిందీలో రాశాడు, వాడికి తెలుగు రాయడం నేనెప్పుడు నేర్పాను కనుక. ఉన్నదున్నట్టు నీకు తెలుగులో రాస్తున్నాను.

తేదీ: 28 జూలై 2023.
స్థలం: మరోదా చెరువు గట్టు. తర్వాత ఇల్లు.
ఏం జరిగింది: ఏడాదిగా గాంజా. మార్చి నుంచి మాత్రలు కూడా. మానడానికి మూడుసార్లు ప్రయత్నించాను.
ఏం జరిగి ఉండేది: నిన్న బైక్ మీద వస్తూ సివిక్ సెంటర్ మలుపులో నిద్రపోయాను. వెనక మమ్మీ కూర్చుని ఉంది.
మళ్ళీ జరగకుండా ఏం చెయ్యాలి: నాకు తెలియదు. మీకు తెలుసనుకుంటున్నాను.
తీసుకున్న చర్య:

అది నేను నింపాల్సిన గడి. ఏడాదిగా ఖాళీగా ఉంది.

ఆ రోజు కల్యాణి మోచెయ్యి గీసుకుపోయి వచ్చింది. కుక్క అడ్డొచ్చిందని చెప్పారు. నేను డెట్టాల్ రాసి, హెల్మెట్ గురించి ఇద్దరికీ పావుగంట క్లాసు పీకాను. వాడు వింటూ కూర్చున్నాడు. మర్నాడు చీటీ వేశాడు. ఆ చీటీ దాటుకుని నేను ఇరవై ఒక్క రోజులు ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీసుకుని తాగాను.

వాడు అబద్ధమాడలేదు. ఈ మాట వాడికి నేనే చెప్పాలి.

వాదన గురించి అడుగుతావేమో. నాకింకా దుకాణాలు వద్దు. క్రేన్ ఎక్కేవాడికి పరీక్ష ఉండాలి, అమ్మేవాడికి జైలు ఉండాలి. ఒరెగాన్ కాగితం ఇంకా నా ఫైల్లోనే ఉంది, అది కూడా నిజమే. కాని నెలగా వాయిదా వేస్తూ వచ్చిన సంజయ్ అర్జీ నిన్న సాయంత్రమే రాశాను. ఇవాళ పొద్దున్న కాంట్రాక్టరు దగ్గరికి వాణ్ణి నేనే తీసుకెళ్ళాను, నా పూచీ మీద పాసు ఇవ్వమని అడిగాను. చూద్దామన్నాడు. సంఘంవాళ్ళ శాలువా తిరిగిచ్చేశాను. సెక్రటరీకి అర్థం కాలేదు, ఏమైందండీ, చిరుగుందా అని అడిగాడు.

చీటీ ఈ కవర్లో పెడుతున్నాను. చివరి గడి నింపాను. "చీటీ పన్నెండు నెలలు ఆలస్యంగా తెరవబడింది. తప్పు రాసినవాడిది కాదు. తీసుకున్న చర్య: ఇరవై ఆరో తేదీ రైలుకి నేనూ మీ అమ్మా బయల్దేరి వస్తున్నాం" అని రాసి, సంతకం పెట్టాను.

మేం వచ్చేలోపల ఇది వాడి చేతికియ్యి. ఏమీ చెప్పకు, పాపా చదివాడని మాత్రం చెప్పు.

నీ తమ్ముడు
మనోహర్